చెవి గాటు, పసుపు బిళ్ళ

కొత్తకోట,
2022 నవంబరు 14

చిరంజీవి మనస్వినికి,

దీవెనలు ఎప్పటివే, తిట్లు మాత్రం తాజావి. ఉద్యోగంలో చేరి ఇన్ని రోజులైనా ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఫోన్‌లో మాట్లాడితే సరిపోదా అంటావు. సరిపోదు. ఫోన్‌లో నువ్వు "ఆ అవ్వా, ఊ అవ్వా" అంటూ పక్కన ఇంకేదో టైపు కొడుతుంటావు. ఆ టకటక నాకు వినిపిస్తూనే ఉంటుంది. బతుకంతా లెక్కల పాఠం చెప్పినదాన్ని, వెనక బెంచీలో ఎవరు వినడం లేదో బోర్డువైపు తిరిగి కూడా చెప్పగలను. కాగితం ముందు కూర్చున్న మనిషి కాగితంతోనే ఉంటుంది.

సంగతి ఏమిటంటే, నీ కంపెనీ నీకంటే ముందే మన ఊరికి వచ్చింది. మొన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్న అబ్బాయి ఒకడు మా తమ్ముడు బుచ్చయ్య మంద దగ్గరికి వచ్చి, గొర్రెలన్నిటి చెవులకు ఉచితంగా పసుపు బిళ్ళలు కుట్టిపోయాడు. బిళ్ళలో చిప్పు ఉందట. ఒక చిన్న యంత్రం ఫోన్‌కు తగిలించి దగ్గర పెడితే, ఆ గొర్రె ఎవరిదో, దాని తల్లి ఏదో, టీకా ఎప్పుడు వేశారో అంతా తెరమీద కనిపిస్తుందట. యంత్రం మీద "మందమిత్ర" అన్న పేరు చదివి, ఇది మా మనవరాలి కంపెనీ కదా అని మీ బుచ్చయ్య తాత వాడికి మజ్జిగ పోశాడు. అంతటితో ఆగక పొట్టేలును పట్టుకుని వాడితో ఫోటో దిగాడు. ఫోటోలో పొట్టేలు ఒక్కటే గంభీరంగా ఉంది.

అంతా బాగానే ఉంది గానీ, పోతూ పోతూ ఆ అబ్బాయి, "ఇగ పిల్లల చెవులు కొయ్యకుండ్రి తాతా, కోస్తే బిళ్ళ నిలువది, ఇన్సూరెన్స్ గూడ రాది" అని చెప్పిపోయాడు. అప్పటినుంచి బుచ్చయ్య నా వెంట పడ్డాడు. "అక్కా, కొయ్యాల్నా, ఆపాల్నా? నువ్వు సదువుకున్నదానివి, మనవరాలిని అడిగి ఒక్క మాట చెప్పు" అంటున్నాడు.

మన ఇంటి గాటు నీకు తెలిసిందే. ఎడమ చెవి కింది అంచున ఒక కోత, కుడి చెవికి ఏమీ ఉండదు. పుట్టిన నెలలోపు పిల్లకు గాటు పడకపోతే మా మరదలు, అదే మీ హనుమవ్వకు, అన్నం సహించదు. ఇప్పుడు ఆమెను ఆపడమంటే మాటలు కాదు.

నాకు ఒక్కటే అనుమానం. ఆ బిళ్ళను మీ యంత్రం తప్ప ఇంకెవరైనా చదవగలరా? జవాబు కాగితం మీద పంపు.

అవ్వ

*

బెంగళూరు,
2022 డిసెంబరు 3

అవ్వా,

ఇదిగో కాగితం. పోస్టు కవరు ఎక్కడ దొరుకుతుందో తెలియక ఆఫీసులో అందరినీ అడిగాను. నేను వీలునామా రాస్తున్నానేమో అని మా టీమ్‌లో ఒకమ్మాయి భయపడింది.

గాటు ఆపమని తాతకు చెప్పు. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చినప్పుడు ఆ పని జరుగుతుంటే నేను గడ్డివాము వెనక చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. రక్తం, ఈగలు, ఆ అరుపులు! బిళ్ళకైతే ఒక్క పోటు. మంద తప్పిన గొర్రె ఏ ఊళ్లో దొరికినా ఎవరిదో తెలుస్తుంది. ఇది మంచి పని అవ్వా, అందుకే ఈ ఉద్యోగంలో చేరాను.

నీ అనుమానానికి జవాబు: చదవగలరు, చదవలేరు కూడా. చిప్పులో అంకె ఎలా ఉండాలో ప్రపంచమంతటికీ ఒక పద్ధతి రాసిపెట్టి ఉంది. దాన్ని ఓపెన్ స్టాండర్డ్ అంటాం. ఆ రాత ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరినీ అడగకుండా దాని ప్రకారం యంత్రం చేసుకోవచ్చు. మా కంపెనీ దాని మీద తన సొంత తాళం ఒకటి వేసింది. దొంగలు అంకె మార్చకుండా ఉండేందుకు అన్నారు. అందువల్ల ప్రస్తుతానికి మా యంత్రం ఒక్కటే చదువుతుంది. అది నాకు పెద్దగా నచ్చలేదు గానీ, మావాళ్లు మంచివాళ్లు. కంపెనీ పెట్టినాయన స్వయంగా మందల వెంట తిరిగాడు, చలిలో గొర్రెల మధ్య పడుకున్నాడు. మనిషిని చూసి కొంత నమ్మాలి కదా.

హనుమవ్వకు నేను ముద్దు పెట్టానని చెప్పు. కత్తి దాచేయమని కూడా చెప్పు.

మనస్విని

*

కొత్తకోట,
2023 ఫిబ్రవరి 9

చిరంజీవి మనస్వినికి,

నీ అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. అయినా చదివాను. పదో తరగతి పేపర్లు దిద్దిన కళ్లు ఇవి.

చెవి కోయడం పాపమన్నావు. నీకూ ఏడాది నిండకముందే చెవులు కుట్టించాం. వాడంతా లేచేలా ఏడ్చావు. తర్వాత కమ్మలు చిన్నవని ఏడ్చావు. గొర్రెకు కమ్మల మోజు లేదు గనుక దాని మొదటి ఏడుపు మాత్రమే మిగులుతుంది, ఆ తేడా ఒప్పుకుంటాను. హనుమమ్మ ఎంత పసుపు అద్దినా కొన్ని పిల్లలకు చీము పడుతుంది, అదీ నిజమే. అందుకే నీ మాట తోసేయలేదు.

తాళం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీ కలం పరుగెత్తింది. మంచివాళ్లని రాశావు. సంతోషం. మంచివాళ్లు కూడా దుకాణం అమ్ముకుంటారు.

నేను రిటైరైన ఏడాది లెక్కల అభ్యాసాలన్నీ పుస్తకంగా చేర్చి నల్లగొండలో ఒక డీటీపీ షాపులో కొట్టించాను. సీడీలో వేసి ఇచ్చారు. మహబూబ్‌నగర్ తెచ్చి తెరిపిస్తే, నా త్రికోణమితి అంతా పిచ్చిగీతలై కూర్చుంది. "ఆ అక్షరాలు వేరే కంపెనీవి మేడం, వాళ్ల తాళం మా దగ్గర లేదు" అన్నాడు షాపతను. అక్షరాలు కంపెనీవి ఎప్పటినుంచి అయ్యాయి నాయనా, నీకు అ ఆలు దిద్దబెట్టింది కంపెనీయేనా అని అడిగాను. నవ్వాడు. నేను నవ్వుకోలేక మొదటి పేజీ నుంచి మళ్లీ కొట్టించాను. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో నుంచి ఎవరికి పంపినా తెలుగు తెలుగులాగే తెరుచుకుంటోంది. అంటే ఎవరో కూర్చుని అందరికీ ఒకే పద్ధతి రాశారన్నమాట. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్ల కడుపు చల్లగుండాలి. బీరువా అడుగున మాత్రం పాత ఫోన్ల చార్జర్లు సంచెడు ఉన్నాయి. ఒకదాని మూతి ఇంకోదానికి పట్టదు, తోటికోడళ్ల లెక్క.

చెవి గాటుకు కంపెనీ లేదు. కేతేపల్లి నుంచి కృష్ణ అవతలి దాకా ఏ గొర్లకాపరైనా మన గొర్రె చెవి చూసి "గిది కొత్తకోట బుచ్చయ్యది" అని తోలుకొచ్చి ఇస్తాడు. అందుకు అతను ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. నువ్వు చెప్పిన ఓపెన్ స్టాండర్డు ఇదే కదా? ఇన్నాళ్లూ పేరు తెలియక దీన్ని మోటు పద్ధతి అనుకున్నాం.

అయినా నీ మాటే చెల్లింది. బుచ్చయ్య గాటు ఆపేశాడు. అతన్ని చూసి ఐలేశం కూడా ఆపేశాడు. కేతేపల్లి ఐలేశం నీకు గుర్తుండాలి, మన వలస జోడు. ఏటా ఎండాకాలం ఆ మందా మన మందా కలిసే కృష్ణ ఒడ్డుకు పోతాయి. రాత్రిపూట ఎరువు కోసం రైతులు తమ చేలల్లో పడుకోబెట్టుకుంటారు, పక్కపక్కనే కానీ వేర్వేరు దడులలో. రెండు మందల్లో కొత్తగా పుట్టిన పిల్లలకూ ఆ చొక్కా అబ్బాయే వచ్చి బిళ్ళలు కుట్టిపోతున్నాడు. ఇప్పుడు గాటుకు బదులు ఎవరి పిల్లలకు వాళ్లు వీపు మీద ఎర్ర జాజు పూస్తున్నారు. మనవాళ్లు అడ్డంగా, వాళ్లు నిలువుగా.

ఐలేశం భార్య యాదమ్మకు మాత్రం ఇది రుచించలేదు. "గాటు పెడితే గొర్రె మనదని ఊరుకు తెలుస్తది టీచరమ్మా. బిళ్ళ కుడితే ఫోనుకు తెలుస్తది. ఊరు పెద్దదా, ఫోను పెద్దదా?" అని అడిగింది. నా మనవరాలిని అడిగి చెబుతానన్నాను. అడుగుతున్నాను.

అవ్వ

*

బెంగళూరు,
2023 ఆగస్టు 20

అవ్వా,

ఆలస్యమైంది. కోపంగా ఉంటావని తెలుసు. ఇది చదివాక ఎగతాళి చేయనని ముందు ఒట్టు వెయ్యి.

మంచివాళ్లు దుకాణం అమ్మేశారు.

కొన్నది మాంసం ఎగుమతి చేసే పెద్ద కంపెనీ. మమ్మల్ని ఎవరినీ తీసేయలేదు. మా పాత యజమాని వీడ్కోలు చెబుతూ కంటతడి పెట్టాడు. నటన కాదు అవ్వా, దగ్గరగా చూశాను.

యాదమ్మవ్వ ప్రశ్నకు జవాబు ఇంకా నా దగ్గర లేదు. కానీ ఒక దారి ఉంది. పశువుల బిళ్ళలన్నిటికీ దేశంలో ఒకే పద్ధతి ఉండాలని కంపెనీలవాళ్లు, పశువైద్యులు కలిసి ఢిల్లీలో ఒక కమిటీ పెట్టుకున్నారు. మా కంపెనీ తరఫున నన్ను కూర్చోబెట్టారు. అందరిలో నేనే చిన్నదాన్ని. ఎవరి యంత్రమైనా ఎవరి బిళ్ళనైనా చదవాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. మా కొత్తవాళ్లు తమ తాళాన్నే ఆ పద్ధతిలో రాయించమంటున్నారు. పద్ధతి అందరిదీ, తాళంచెవి తమది. అలా జరగకుండా నేను లోపల ఉండి మార్చగలననుకుంటున్నాను.

జీతం పెరిగింది. నీకు చీర కొన్నాను. రంగు నీకు నచ్చదు, తెలుసు.

మనస్విని

*

కొత్తకోట,
2023 సెప్టెంబరు 5

చిరంజీవి మనస్వినికి,

ఒట్టు వేసే ముందే చదివేశాను కాబట్టి అది చెల్లదు. అయినా ఎగతాళి చేయను. ఆయన కన్నీళ్లు నిజమే అయి ఉంటాయి. మేకను సంతకు పంపేటప్పుడు హనుమమ్మ కూడా ఏడుస్తుంది. మేక మాత్రం సంతకే పోతుంది.

లోపల ఉండి మారుస్తానంటున్నావు. హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండగా నన్నూ ఒక పుస్తకాల కమిటీలో వేశారు. మొదట్లో నేను మాట్లాడితే అందరూ రాసుకున్నారు. తర్వాత జీడిపప్పు పెట్టారు. చివరికి చూస్తే నేను జీడిపప్పు తింటూ వాళ్లు చెప్పింది రాసుకుంటున్నాను. చెడ్డవాళ్లేమీ కాదు, చాలా మర్యాదస్తులు. మర్యాదకు ఎదురు చెప్పడం తిట్టుకు ఎదురు చెప్పినంత సులువు కాదు.

అందుకని ఒక్క ప్రశ్న. దారి వేసేటప్పుడు బండి ఉన్నవాడినీ పిలవాలి, కాలినడకన పోయేవాడినీ పిలవాలి. మీ కమిటీలో కంపెనీలున్నాయి, డాక్టర్లున్నారు. గొర్లు కాసేవాళ్లెవరైనా ఉన్నారా? లేకపోతే ఆ మాట కనీసం నువ్వు మరిచిపోకు.

చీర చూశాను. ఈ రంగుకు పేరు పెట్టినవాడు దానిని చూసి ఉండడు. కట్టుకుంటున్నాను.

అవ్వ

*

కొత్తకోట,
2024 మే 13

మనస్వినీ,

నేరుగా సంగతికి వస్తున్నాను.

కృష్ణ ఒడ్డున గాలివాన కొట్టింది. వడగళ్లు పడి దడులు ఎగిరిపోయాయి. మన మందా ఐలేశం మందా బెదిరి, ఒకదాంట్లో ఒకటి కలిసి చేలవెంట పరుగెత్తాయి. తెల్లవారేసరికి ప్రాణాలన్నీ దొరికాయి, అది దేవుడి దయ. ఏ ప్రాణం ఎవరిదో తేలలేదు, అది మన తెలివి.

కబురందగానే ఆటోలో పోయాను. గాట్లున్న పెద్దవాటిని అప్పటికే విడదీశారు. పాలు తాగే పిల్లలను ఒకవైపు, తల్లులను ఒకవైపు ఉంచి, కాసేపు అరవనిచ్చి వదిలారు. ఏ తల్లి పిల్ల ఆ తల్లి పొదుగు కిందికి దూరింది. చిక్కంతా నడిమివాటితో. పాలు మరిచి, గాటు పడని ఏడాది గొర్రెలు. వాటిని తల్లులూ గుర్తుపట్టవు. వీపుల మీది జాజు వానకు కారి అడ్డమూ నిలువూ ఏకమై, అన్నీ ఎర్రమట్టి పూసుకున్నట్టు నిలబడ్డాయి. చెవుల్లో పసుపు బిళ్ళలు మాత్రం మెరుస్తున్నాయి.

బుచ్చయ్య యంత్రం పెట్టి చూస్తే "పాత సేవ ముగిసింది" అని వచ్చింది. ఐలేశం పెట్టినా అదే. కొత్త సేవలో చేరితేనే పాత వివరాలు తెరుచుకుంటాయట. చేరాలంటే ఒప్పందం మీద సంతకం కావాలట. ఆ తర్వాత మందలో ఏ జీవాన్ని అమ్మినా ఆ కంపెనీకే అమ్మాలట.

ఇక ఆడవాళ్ల సంగతి విను. "గా నల్లమూతిది మాదే. సీసతోని పాలు తాపిన నేను" అంది హనుమమ్మ.

"నల్లమూతి మీ ఇంట్లనే పుడ్తదా వదినా? మా పొట్టేలు మూతి చూడు జర!" అంది యాదమ్మ.

"మీ పొట్టేలు మూతి నాకెందుకు, నీ మూతి చూస్తలేనా?"

నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. సాయంత్రానికి నవ్వు రాలేదు. ఇన్నేళ్ల వలసలో ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లు రెండు పొయ్యిలు పెట్టారు. ఒక పొయ్యి మూతి ఇటు, ఇంకోదానిది అటు.

మృగశిర కార్తె వస్తోంది. వానలు పడేలోపు ఐలేశం మందతో కేతేపల్లి దారి పట్టాలి. గొర్రెలు తేలనిదే కదలనంటున్నాడు. సంతకం పెట్టి తెలుసుకుందామంటాడు అతను. ప్రాణం పోయినా పెట్టనంటాడు మీ తాత. "నీకు సంతకం బరువైతాంది బావా, నాకు గొర్రె బరువైతాంది" అన్నాడు ఐలేశం. దొంగ అన్న మాట ఇంకా ఎవరి నోటా రాలేదు. పెదవి దాకా వచ్చి ఆగింది. అది బయట పడితే ఈ జోడు మళ్లీ కలవదు. నాకు గొర్రెల కంటే దాని భయమే ఎక్కువగా ఉంది.

ఆ వివరాలు నీ చేతికి అందేవే అయినా దొంగచాటుగా తేవద్దు. అలా తెస్తే అది కూడా మనది కాని గొర్రె అవుతుంది. నోరు తెరిచి అడుగు. మావాళ్ల గొర్రెల సంగతి మావాళ్లకు చెప్పమని అడుగు.

అవ్వ

*

బెంగళూరు,
2024 మే 19

అవ్వా,

అడిగాను. అది కంపెనీ సమాచారం అన్నారు. మా తాత గొర్రె కంపెనీ సమాచారం ఎలా అయిందన్నాను. చేరేటప్పుడు ఫోన్‌లో "అంగీకరిస్తున్నాను" అని నొక్కాడు కదా అన్నారు. నిజమే, నొక్కాడు. దాని పైనున్న ఇంగ్లీషు ఎంత పొడవో తెలుసా? నేనే ఎప్పుడూ చివరిదాకా చదవలేదు.

ఇంకో మాట ఉంది. ఫోన్‌లో మూడుసార్లు నోటిదాకా వచ్చి మింగేశాను. మన వైపు మందలవాళ్లతో సంతకాలు పెట్టించడానికి ఒక మనిషిని పంపుతున్నారు. ఆ మనిషిని నేనే. "నీ సొంతవాళ్లే కదా, నీ మాట కాదనరు" అన్నారు. ఫిబ్రవరి నుంచే నాకు తెలుసు. నేను రావాల్సిన అవసరం పడదులే అనుకుంటూ వచ్చాను.

ముప్పయ్యో తేదీ గురువారం పొద్దున బస్సు దిగుతాను. సంతకం పెడితే వివరాలు ఆ రోజే తెరుచుకుంటాయి, ఎవరి గొర్రెలు వాళ్లవి అవుతాయి, గొడవ ఆగుతుంది. అది కూడా అబద్ధం కాదు కదా? పెట్టకపోతే నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. అక్కడికి వచ్చి నేను ఏం మాట్లాడాలి అవ్వా? నువ్వే చెప్పు.

మనస్విని

*

కొత్తకోట,
2024 మే 24

తల్లీ,

రా.

ఏం మాట్లాడాలో నేను చెప్పను. ఎలా చదవాలో చెబుతాను. ఆ ఒప్పందాన్ని తెలుగులో, ఒక్క ముక్క వదలకుండా, గొంతు తగ్గించకుండా చదువు. వాళ్లు అడిగినదానికి తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదను. సంతకం వాళ్ల ఇష్టం. నీ కోసం పెట్టమని నేను అడగను, నీ కోసం మానమని కూడా అడగను.

ఉద్యోగం పోతే కొత్తకోటలో అన్నం ఉంది. పప్పులో ఉప్పు తక్కువని మాత్రం అనకూడదు.

దిగగానే హనుమవ్వ, యాదమ్మవ్వ ఇద్దరినీ ఒకేసారి పలకరించు. ఒకరిని ముందు పలకరించావంటే రెండో ఆమె నీ చేతి నీళ్లు ముట్టదు.

అవ్వ

*

బెంగళూరు,
2024 జూన్ 30

అవ్వా,

ఆ రోజు నేను ఒప్పందం చదువుతున్నంతసేపూ నువ్వు చేలోని మోటరు గది గోడకు ఆనుకుని ఒక్క మాటైనా మాట్లాడకుండా కూర్చున్నావు. నువ్వు మాట్లాడకపోవడం నా పుట్టుకలో అదే మొదటిసారి.

చదవడం అయిపోయాక ఐలేశం తాత పెన్ను తీసుకున్నాడు కదా. అప్పుడు యాదమ్మవ్వ అడిగిన మాట నాకు బస్సులో నిద్ర పట్టనివ్వలేదు. "మొన్న మిమ్ములను ఇంకొకడు కొన్నప్పుడు మాకు ఎవ్వలు చెప్పలే. రేపు వాన్ని గూడ ఇంకొకడు కొంటె, మా గొర్లు ఎవల్వి బిడ్డా?" తెలియదవ్వా అన్నాను. ఐలేశం తాత పెన్ను మూత పెట్టి నా సంచిలో వేశాడు. "నువ్వు అబద్ధమాడితే సంతకం పెడుదును గద బిడ్డా. నిజం చెప్పి చెడగొట్టినవ్" అన్నాడు. కోపమో ప్రేమో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక్కడ మావాళ్లకు సంతకాలు రాలేదని చెప్పాను. ఎందుకని అడిగితే, వాళ్లు అడిగిన ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు కాబట్టి అన్నాను. ఎవరూ అరవలేదు. నువ్వన్న మర్యాద అదే కాబోలు.

తర్వాతి వారం ఢిల్లీలో కమిటీ కూర్చుంది. మా కంపెనీ తాళాన్ని పద్ధతిలో చేర్చే రోజు. అభ్యంతరాలున్నాయా అని అధ్యక్షుడు అడిగాడు. ఆయనొక ముసలి పశువైద్యుడు. నేను చెయ్యి ఎత్తాను. నా సొంత కంపెనీ రాసినదానికి నేనే! నా వాదనలన్నీ రాసుకుని వెళ్లాను, ఒక్కటీ చదవలేకపోయాను. యాదమ్మవ్వ అడిగింది అడిగినట్టు చెప్పి కూర్చున్నాను. అంటే, కంపెనీ చేతులు మారితే ఆ జీవం ఎవరిదో ఎవరు చెప్పాలి, ఏ యంత్రంతో చెప్పాలి అని. "ఇది ఎవరి ప్రశ్న?" అన్నాడు అధ్యక్షుడు. కేతేపల్లి యాదమ్మదన్నాను. "ఆ పేరుతోనే రాసుకోండి" అన్నాడు.

ఆ కమిటీకి ఒక నియమం ఉంది. రాసుకున్న అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వకుండా ఏ పద్ధతినీ ఖాయం చేయకూడదు. అందువల్ల తాళం ప్రస్తుతానికి ఆగింది. గెలిచామని అనను. ఆగింది, అంతే.

నన్ను కమిటీ నుంచి తప్పించారు. ఇప్పుడు బ్యాటరీలు ఎంతసేపు నిలుస్తాయో చూసే గదిలో ఉన్నాను. నేను రాజీనామా చేయలేదు అవ్వా. ధైర్యం చాలలేదో, ఇంటి కిరాయి గుర్తొచ్చిందో. నీకు సిగ్గనిపిస్తే చెప్పు.

గొర్రెలు ఏమయ్యాయి? ఫోన్ చేస్తే తాత "అన్నీ మంచిగనే ఉన్నయి" అని పెట్టేస్తాడు. ఆయన అలా అన్నాడంటే ఏదో జరిగిందన్నమాట.

మనస్విని

*

కేతేపల్లి,
2024 అక్టోబరు 22

చిరంజీవి మనస్వినికి,

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా విన్నావు, మొత్తం ఇప్పుడు చదువు. జవాబు ఇంత ఆలస్యం ఎందుకంటే, ఇది నిలుస్తుందో లేదో చూసి రాద్దామని ఆగాను.

నువ్వు పోయాక రెండు రోజులకు కులపెద్ద కాటమయ్యను పిలిపించారు. పెద్దాయన గొర్రెలను చూశాడు, చెవులు చూశాడు, పళ్లు చూశాడు. చివరికి, "నాకు గూడ తెలుస్తలేదు. తెలిసినట్టు చెప్తె ఒకని ఉసురు తగుల్తది" అన్నాడు. తెలియదని చెప్పే పెద్దమనిషిని చూసి చాలా కాలమైంది. సగం సగం పంచుకొమ్మన్నాడు. ఇద్దరూ ఒప్పుకోలేదు. సగం పంచితే సగం అనుమానం ఎవరింటికి వాళ్లు తోలుకుపోయినట్టే కదా.

అప్పుడు నోరు తెరిచింది ఎవరనుకున్నావు? హనుమమ్మ. యాదమ్మ వైపు చూడకుండా గాలితో మాట్లాడినట్టు అంది: "గవాటికి రెండు గాట్లు పెట్టుండ్రి. ఎడమ చెవికి మాది, కుడి చెవికి వాళ్లది. ఇద్దరియి అనుకుంటె ఏమైతది?"

యాదమ్మ కూడా గాలితోనే జవాబు చెప్పింది: "ఈత ఎవలకంట, ఈనిన పిల్ల ఎవలదంట? అడుగు గా వదినెను."

"మొదటి ఈత వాళ్లనే తీసుకొమ్మను. రెండోది మాకు. నల్లమూతిది మాత్రం ఎండకాలం నా దగ్గరనే ఉంటది, గది ఖాయం."

కాటమయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. పత్రం రాద్దామా అని నేను అడిగితే, "చెవుల మీద రాస్తున్నం గద టీచరమ్మా, ఇంగ కాయితమెందుకు" అన్నాడు. అలా తేలని గొర్రెలన్నీ ఉమ్మడివయ్యాయి. వానలకు కేతేపల్లిలో, ఎండలకు మన వైపు. ఐలేశం మృగశిరకు ముందే మంద తోలుకుపోయాడు. పోయేటప్పుడు బుచ్చయ్య పొలిమేర దాకా వెంట నడిచాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదట. బీడీ మాత్రం ఒకే అగ్గిపుల్లతో ముట్టించుకున్నారట.

ఆడవాళ్లకు ఇంకొన్నాళ్లు పట్టింది. శ్రావణంలో నల్లమూతిదానికి దగ్గు పట్టింది. యాదమ్మకు హనుమమ్మను అడగక తప్పలేదు, పెంచిన చెయ్యి కదా. మొదటి ఫోన్ నిమిషం లోపల అయిపోయింది. ఇప్పుడు గొర్రెకు దగ్గు లేకపోయినా గంటసేపు మాట్లాడుకుంటున్నారు. ఎక్కువగా నా గురించే అని నా అనుమానం.

నీ మాటా పూర్తిగా పోలేదు. కోసే ముందు పశువుల దవాఖాన నుంచి తెచ్చిన మందు పూస్తున్నారు, కోత చిన్నదిగా పెడుతున్నారు. చీము పట్టడం తగ్గింది. ఇది మాకు ముందే తోచవలసింది. నువ్వు గడ్డివాము వెనక దాక్కున్న రోజే ఎవరైనా నిన్ను ఎందుకని అడిగి ఉండాల్సింది.

సిగ్గనిపిస్తే చెప్పమన్నావు. నేను పుస్తకాల కమిటీలో జీడిపప్పు తిని వచ్చానని నీకు రాశాను కదా. నువ్వు ఒక ఆడమనిషి మాటను కేతేపల్లి నుంచి ఢిల్లీ దాకా చెడకుండా మోసుకెళ్లి, ఆమె పేరుతోనే దించి వచ్చావు. మోసేవాళ్లకు కిరాయి ఇల్లు ఉండకూడదని ఎక్కడా రాయలేదు. బ్యాటరీలే చూడు. ఎవరో ఒకరు వాటినీ సరిగా చూడాలి. ఆ గదిలో కూర్చుని, అవసరమైనప్పుడు మళ్లీ చెయ్యి ఎత్తు.

నేనిక్కడికి మొదటి ఈత చూడటానికి వచ్చాను. నిన్న పొద్దున నల్లమూతిది ఈనింది. పిల్ల మూతి తెల్లగా ఉంది. దాని మీద ఫోన్‌లో మొదలైన వాదన ఇంకా నడుస్తోంది.

ఇది రాస్తుండగా యాదమ్మ ఆ పిల్లను ఒళ్లో వేసుకుని నా పక్కన కూర్చుంది. నువ్వు చేసిందంతా ఆమెకు చెప్పాను. తన పేరు ఢిల్లీ కాగితాల్లో ఎక్కిందంటే పెద్దగా పట్టించుకోలేదు. "గట్లనా" అంది. పిల్ల చెవి నిమురుతూ, "మరి నేనడిగినదానికి జవాబు వచ్చిందా టీచరమ్మా?" అని అడిగింది.

ఇంకా రాలేదన్నాను.

"రానీ, జల్దేం లేదు. గప్పటిదాక కోసుకుంటం" అని, పిల్లను నా ఒళ్లో పెట్టి, రాయి మీద నీళ్లు చల్లి కత్తి నూరడం మొదలుపెట్టింది.

అవ్వ